అరవైనాలుగు గళ్ళ గింజలు



ఈవేళ ఒకే ఒక సంఖ్యను గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను. "లెక్కల సంగతి మనకెందుకమ్మా, అది పిల్లల పుస్తకాల గొడవ" అని రేడియో కట్టేయకండి. ఈ సంఖ్య మన వంటింటి బియ్యపు డబ్బాలోంచి బయల్దేరింది. తొమ్మిది వందల ఏళ్ళ క్రితమే తెలుగు పద్యంలోకి ఎక్కి కూర్చుంది. ఇవాళ మన చేతిలో వున్న ఫోనులోనూ వుంది. దాని గుణం తెలియక ఇంటి డబ్బు పోగొట్టుకున్న ఆడవాళ్ళనూ నేనెరుగుదును. అందుకే ఈ ప్రస్తావన.

ముందు కథ చెబుతాను. మీలో చాలామంది విన్నదే. చదరంగం కనిపెట్టిన పండితుణ్ణి రాజు మెచ్చుకుని, "ఏం కావాలో కోరుకో" అన్నాడట. "మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టింపు చేస్తూ అరవైనాలుగు గళ్ళూ నింపించండి మహాప్రభో, చాలు" అన్నాడు పండితుడు. "ఇంతేనా!" అని నవ్వాడు రాజు. అరబ్బు గ్రంథాల్లో ఆ పండితుడి పేరు సిస్సా అని వుంది. కథ నిజమో కల్పనో గాని, లెక్క మాత్రం నిజం.

ఆ రాజు కొలువు ఎక్కడో మనకు తెలియదు కనుక మనకు తెలిసిన చోటనే ఆ గింజలు పోయిద్దాం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు వెళ్ళినవాళ్ళకు ధాన్యమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ నీళ్ళు వదిలాక, ఎడమ కాలువ కింద ఆ నేలంతా వరి మాగాణి అయింది. మిర్యాలగూడ చుట్టూ బియ్యం మిల్లులు వరసగా లేచాయి. సూర్యాపేట మార్కెట్ యార్డులో కోతల రోజుల్లో వడ్ల రాసుల మధ్య నడవడానికి దారి దొరకదు. అంత ధాన్యం చూసిన వూళ్ళు మన పండితుడి కోరిక తీర్చగలవేమో చూద్దాం.

బియ్యపు గింజ ఒక్కొక్క రకంలో ఒక్కొక్క బరువు వుంటుంది. లెక్క సులువు కోసం కిలోకు యాభైవేల గింజలనుకుందాం. పదహారు గళ్ళు, అంటే పైన రెండు వరసలు నిండేసరికి మొత్తం 65,535 గింజలు. కిలో మూడువందల గ్రాములు. ఒక పూట నలుగురైదుగురు చుట్టాలొస్తే వండిపెట్టే బియ్యం. రాజు నవ్వడంలో తప్పేముంది?

ఇరవైఒకటో గడిలో ఒక్కదానిలోనే ఇరవైఒక్క కిలోలు పడతాయి. ముప్ఫైరెండు గళ్ళు, అంటే సగం పలక నిండేసరికి గింజలు 429,49,67,295. బరువు 86 టన్నులు. సూర్యాపేట మీదుగా కోదాడ వెళ్ళే విజయవాడ రోడ్డు మీద పదేసి టన్నుల లారీలు తొమ్మిది వరసగా నిలబెడితే సరిపోతుంది. ఇదీ పెద్ద మాటేం కాదు. ఒక మిల్లు యజమాని తలుచుకుంటే ఇవ్వగలడు.

ఇక్కడినుంచి అసలు సంగతి మొదలవుతుంది. నలభయ్యో గడిలోకి పదకొండువేల టన్నులు కావాలి. లారీలతో పనికాదు. మిర్యాలగూడ స్టేషనులో నిండా బియ్యమెత్తిన గూడ్సు బండ్లు నాలుగు కావాలి. నలభైఒకటో గడికి ఎనిమిది, నలభైరెండో గడికి పదహారు. యాభయ్యో గడికి కోటీ పన్నెండు లక్షల టన్నులు దాటుతుంది. అరవైనాలుగూ నిండాలంటే 36,893 కోట్ల టన్నులు! ప్రపంచమంతా కలిసి ఈమధ్య కాలంలో ఏడాదికి పండిస్తున్న బియ్యం సుమారు 53 కోట్ల టన్నులు. ఒక్క మెతుకు ఎవరూ తినకుండా ఏడువందల ఏళ్ళు దాచిపెడితే పండితుడి బాకీ తీరుతుంది. మిర్యాలగూడ మిల్లులు కాదుగదా, భూమ్మీద మిల్లులన్నీ చాలవు.

గింజల మొత్తం ఎంతో చెబుతాను, కాగితం వుంటే రాసుకోండి: 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు. నోటితో చెప్పాలంటే ఇంచుమించు లక్షా ఎనభైనాలుగు వేల నాలుగువందల అరవైఏడు కోట్ల కోట్లు.

ఈ సంఖ్యను తెలుగువాళ్ళం మనం ఎప్పుడో పద్యంలో కట్టి దాచుకున్నాం. చంపకమాల పద్యం. అది పావులూరి మల్లనదని సంప్రదాయంగా చెబుతారు. మల్లన నన్నయగారి కాలంవాడని కొందరు, ఆ తరువాతి శతాబ్దం వాడని కొందరు పండితులంటారు. తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడనే జైన పండితుడు సంస్కృతంలో 'గణితసారసంగ్రహం' రాశాడు. దాన్ని మల్లన 'సారసంగ్రహ గణితము' అని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఉన్నదున్నట్టు మార్చలేదు. తాను శివభక్తుడు కనుక జైన సంబంధమైన ఉదాహరణలు తీసేసి శివసంబంధమైనవి పెట్టుకున్నాడు, సొంత లెక్కలూ చేర్చాడు. మన భాషలో వచ్చిన మొదటి గణితగ్రంథం అదే.

ఆ రోజుల్లో లెక్క ఎవరికి కావలసివచ్చింది అంటారేమో. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి వుంది. అక్కడి ఎరకేశ్వరాలయం 1208 నాటిది. రేచెర్ల వంశపు బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ పేరుతో వెలసిన గుడి. ఆ కాలపు దానశాసనాలు చూస్తే పొలాల కొలతలు, ధాన్యం కొలతలు, ఎవరికెంత పాలు అన్న లెక్కలు రాతిమీద చెక్కి వుంటాయి. గుడి నడవాలన్నా, చెరువు నిలవాలన్నా, పంట పంచుకోవాలన్నా లెక్క వచ్చినవాడు వూరికొకడు వుండాల్సిందే. మల్లన రాసింది అలాంటివాళ్ళ కోసం.

మరి ఇరవై అంకెలను పద్యంలో ఎలా ఇరికించారు? అంకెలకు బదులు మాటలు వాడారు. చంద్రుడు ఒక్కడే కనుక చంద్రుడంటే ఒకటి. అగ్నులు మూడు. వేదాలు నాలుగు, సముద్రాలూ నాలుగే, బ్రహ్మదేవుడి ముఖాలూ నాలుగే. మన్మథుడి బాణాలు అయిదు. తర్కాలు ఆరు. కులపర్వతాలు ఏడు. దిక్కుల ఏనుగులు ఎనిమిది. శరీరంలోని రంధ్రాలు తొమ్మిది. ఆకాశం సున్న. ఈ మాటలను వరసగా పేర్చి, కుడినుంచి ఎడమకు అంకెలుగా రాసుకుంటే సంఖ్య వచ్చేస్తుంది. ఆ పద్యంలో చంద్రుడు మూడు పేర్లతో మూడుసార్లు వస్తాడు, కొండా మూడు పేర్లతో మూడుసార్లు వస్తుంది. నాలుగు నాలుగుసార్లు వస్తే నాలుగుచోట్లా నాలుగు వేరువేరు మాటలు పెట్టాడు కవి.

ఇదంతా తమాషా కోసం చేసింది కాదు. తాటాకు మీద ఇరవై అంకెలు రాస్తే, రెండు తరాలు తిరగకుండా నకలు రాసేవాడు ఎక్కడో ఒకచోట అంకె జారవిడుస్తాడు. జారిందని ఎవరికీ తెలియదు కూడా. పద్యంలో ఒక మాట జారితే గణం తప్పుతుంది, యతి తప్పుతుంది, చదివేవాడి నాలుకకు వెంటనే తగులుతుంది. అందువల్లనే ఒక్క అంకె చెడకుండా ఆ సంఖ్య మనదాకా వచ్చింది. ఇవాళ కంప్యూటరు మీద లెక్కవేసి చూడండి, పద్యంలో వున్నదే వస్తుంది.

కంప్యూటరు లేని రోజుల్లో ఇంత లెక్క ఎలా వేశారు అనుకుంటున్నారా? అరవైనాలుగుసార్లు రెట్టించనక్కరలేదు. ఒకటిని ఎనిమిదిసార్లు రెట్టిస్తే 256. 256ను దానితోనే హెచ్చవేస్తే 65,536, అది పదహారు రెట్టింపులకు సమానం. దాన్ని మళ్ళీ దానితోనే హెచ్చవేస్తే ముప్ఫైరెండు రెట్టింపులు. ఇంకొక్కసారి అలాగే చేస్తే అరవైనాలుగు. అందులోంచి ఒకటి తీసేస్తే మన సంఖ్య. అంటే మూడు హెచ్చవేతల పని. ఈ ఉపాయం లఘువులు, గురువుల లెక్క కోసం పింగళుడి ఛందశ్శాస్త్రంలోనే వుంది. ప్రతి అక్షరానికీ లఘువో గురువో రెండే దారులు కనుక, అక్షరం పెరిగినకొద్దీ వృత్తాల సంఖ్య రెట్టింపవుతుంది. ఇరవై అక్షరాల పాదానికి 10,48,576 రకాల వృత్తాలు సాధ్యం. మన ఉత్పలమాల వాటిలో ఒకటి. క్రీస్తుశకం వెయ్యో సంవత్సరం ప్రాంతంలో అల్‌బెరూనీ కూడా చదరంగం గళ్ళ లెక్కను ఇదే దారిలో వివరించి, ఇదే సంఖ్యను ఇచ్చాడు.

ఇక ఈ సంఖ్య గుణాలేమిటో చూద్దాం. మొదటిది పిల్లలతో చెప్పుకోదగ్గ తమాషా. మొత్తం రెండుతో రెట్టిస్తూ కట్టిన సంఖ్య కదా, దీనిలో రెండు అనే అంకె ఎక్కడా లేదు! మిగతా అంకెలన్నీ వున్నాయి.

రెండోది లోతైన సంగతి. ఈ సంఖ్యను విడగొడితే మూడు, అయిదు, పదిహేడు, 257, 65,537 అనే సంఖ్యలు వస్తాయి. ఇవన్నీ ఇక విడగొట్టరానివి. ఇవి పోగా మిగిలింది 429,49,67,297. ఫ్రాన్సు దేశపు ఫెర్మా 1640లో ఈ వరసలోని సంఖ్యలన్నీ విడగొట్టరానివేనని భావించాడు. తొంభై ఏళ్ళు ఆ మాట నిలిచింది. 1732లో ఆయిలర్ అనే పండితుడు ఆ చివరిది 641తో నిశ్శేషంగా భాగింపబడుతుందని, భాగఫలం 67,00,417 అనీ చూపించాడు. మన చంపకమాల పద్యంలో వున్న సంఖ్య కడుపులోనే, అంత పెద్దవాడు చేసిన పొరపాటు కూడా దాగివుందన్నమాట.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఏ గడి తీసుకున్నా, దానిలోని గింజలు అంతకుముందు గళ్ళన్నిటిలో వున్న గింజల మొత్తం కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. ఒకటి, రెండు, నాలుగు కలిపితే ఏడు. తరువాతి గడిలో ఎనిమిది. ఎందుకిలా? పక్కింటినుంచి ఒక గింజ చేబదులు తెచ్చుకోండి. మొదటి గడిలోని గింజకు కలిపితే రెండు. రెండో గడిలోని రెంటితో కలిపితే నాలుగు. మూడో గడితో కలిపితే ఎనిమిది. ఎక్కడ ఆగినా తరువాతి గడికి సరిపోయేంత అవుతుంది. చేబదులు గింజ తిరిగి ఇచ్చేస్తే ఒకటి తక్కువ. అంతే.

ఈ గుణం మన పాతకాలపు ఆడవాళ్ళ చేతుల్లో వుండేది. మిర్యాలగూడలో మా మేనత్త ఇంట్లో బియ్యపు కాగు పక్కన కొలపాత్రలు వరసగా వుండేవి. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అన్నీ రెట్టింపులే. ఒకనాడు నేను సోల పట్టుకుని ఒకటీ రెండూ అని లెక్కపెడుతూ బియ్యం పోస్తుంటే, "ఎన్ని గావాలె బిడ్డా?" అని అడిగింది.

"పదమూడు సోలలు అత్తమ్మా."

"గట్ల పోస్తె పొద్దు గూకుతది. ఒక అడ్డ, ఒక మానిక, ఒక సోల పొయ్యి. అయిపాయె."

ఎనిమిది, నాలుగు, ఒకటి కలిపితే పదమూడే! ఇరవైఒకటి కావాలంటే కుంచం, మానిక, సోల. ఒకటినుంచి ముప్ఫైఒకటి దాకా ఎన్ని సోలలు కావాలన్నా, ఆ అయిదు పాత్రల్లో ఏ పాత్రనూ రెండోసారి ముంచనక్కరలేదు. అయిదింటినీ ఒక్కొక్కసారి నింపితే ముప్ఫైఒకటి. అక్కడితో ఆఖరు. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చి, క్రమంగా లీటర్లు, కిలోలు అలవాటయ్యాక ఆ పాత్రలు అటక ఎక్కాయి.

పాత్రలు అటక ఎక్కినా ఆ పద్ధతి మాత్రం పోలేదు. ఇవాళ్టి ఫోన్లలో, కంప్యూటర్లలో లెక్క జరిగేది ఇలాగే. ఒక్కొక్క పాత్ర నిండుగానో, ఖాళీగానో వుంటుంది. అలాంటి పాత్రలు అరవైనాలుగు ఒక వరస. అరవైనాలుగూ నిండితే వచ్చే సంఖ్య ఎంతో తెలుసా? మన పద్యంలోనిదే. ఆ ఒక్క వరసలో పట్టే అతిపెద్ద పూర్ణసంఖ్య అదే. కోడలు ఫోను నొక్కినా, అత్తగారు అడ్డ పట్టుకున్నా వెనక వున్న లెక్క ఒకటే.

ఇప్పుడు మొదట్లో అన్న మాటకు వస్తాను. కోదాడలో మా బంధువుల పక్కింటి ఆవిడ, మేమంతా వదినా అని పిలిచే మనిషి, ఒక గొలుసు పథకంలో చేరింది. డబ్బు కట్టి చేరాలి, ఇద్దరిని చేర్చాలి. వాళ్ళు చెరో ఇద్దరిని చేర్చాలి. "ఇద్దరే గద వదినా, ఇద్దరు దొరకరా!" అంది నాతో. చదరంగం రాజు అన్నమాట కూడా ఇదే. ఆవిడ గాజులు కుదువపెట్టి కట్టిన డబ్బు తిరిగి రాలేదు. అంతకన్నా ఎక్కువ బాధపెట్టింది, ఆవిడ మాట మీద చేరిన ఇద్దరు తోటి ఆడవాళ్ళు ఇప్పటికీ ఆవిడతో మాట్లాడకపోవడం.

ఆ లెక్క చూడండి. మొదట ఒకరు, తరువాత ఇద్దరు, తరువాత నలుగురు. పదహారు వరసలకు 65,535 మంది. పదిహేడో వరస నిండాలంటే ఇంకో 65,536 మంది. మొత్తం 1,31,071. సూర్యాపేట పట్నం జనాభా 2011 లెక్కల్లో లక్ష పైచిలుకు. ఉయ్యాలలో పసిపిల్లల్ని చేర్చినా పదిహేడో వరస నిండదు. ముప్ఫైమూడు వరసలకు భూమ్మీద మనుషులంతా అయిపోతారు. పైగా, ఇందాక చెప్పిన గుణం గుర్తుచేసుకోండి. చివరి వరస ముందు వరసలన్నిటికంటే ఒకటి ఎక్కువ. అంటే గొలుసు ఏ వరస నిండాక తెగినా, చేరినవాళ్ళలో సగం మందికి పైగా కింద ఎవరూ లేకుండా చివరి వరసలో మిగిలిపోతారు. నడిపేవాడు మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్నే లేదు, లెక్కే అలా వుంది. ఇలాంటి డబ్బు గొలుసు పథకాలను నిషేధిస్తూ 1978లోనే చట్టం వచ్చింది. పేర్లు మార్చుకుని అవి ఇప్పటికీ గుమ్మంలోకి వస్తూనే వున్నాయి, ఫోనులోకీ వస్తున్నాయి.

చక్రవడ్డీ కూడా ఈ కుటుంబానిదే. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చి, పదేళ్ళు తీర్చకుండా వుంచితే, బారువడ్డీ అయితే మొత్తం నలభైఆరు వేలు. అదే నెలనెలా వడ్డీని అసలులో కలుపుకుపోతే మూడు లక్షల నలభైఏడు వేలు! రెండేళ్ళకొకసారి రెట్టింపవుతుంది గనుక. మొదటి రెండేళ్ళు చూసి "ఎంతలే" అనుకుంటాం. అది సగం పలక కూడా నిండని కాలం. పలక సగం దాటాక లారీలూ గూడ్సు బండ్లూ వస్తాయి.

మహావీరుడూ మల్లనా ఇంత కష్టపడి ఈ లెక్కలు రాసిపెట్టింది పండితుల కోసమేనని నేననుకోను. గింజ కొలిచే ప్రతి చేతికీ అది పనికివస్తుంది. ఇవాళ సాయంత్రం పిల్లలు చదరంగం పలక తీస్తే, పక్కన గుప్పెడు బియ్యం పెట్టి ఒకటి, రెండు, నాలుగు అని పోయించండి. మొదటి వరస ఎనిమిది గళ్ళకు 255 గింజలు, గుప్పిట్లోనివే సరిపోతాయి. రెండో వరస చివరికి డబ్బా దగ్గరికి లేవవలసివస్తుంది. మూడో వరస మధ్యలో, "అమ్మా, ఇంట్లో బియ్యం అయిపోతాయే!" అని వాళ్ళే అంటారు. ఆ మాట వాళ్ళ నోటినుంచి వచ్చిందంటే లెక్క వచ్చేసినట్టే. రేపు ఎవడో వచ్చి "ఇద్దరిని చేర్చితే చాలు" అన్నా వాళ్ళు మోసపోరు.

పోసిన బియ్యం మాత్రం మళ్ళీ డబ్బాలో వేయించడం మరిచిపోకండి. సెలవు.